మడను నరికి కట్టిన కట్ట

కాంట్రాక్టరు చెంగల్రాయుడు సముద్రాన్ని అదుపులో పెట్టడానికి వచ్చిన రోజు, ఆయన చేసిన మొదటి ఘనకార్యం ఒక మనిషి వీపెక్కడం.

ఏటిలో నీళ్ళు మోకాటి లోతు కూడా లేవు. ఆటు సమయం, బురద బయటపడి ఉంది. ఆ బురదలో దిగితే అయ్యగారి తోలు జోళ్ళు పాడవుతాయట. జోళ్ళు విప్పి చేత్తో పట్టుకోవచ్చు గదా అంటారేమో. అప్పుడు కాళ్ళు పాడవుతాయి. ఓవర్సీరు అటూ ఇటూ చూసి, గొడ్డలి భుజాన పెట్టుకుని కూలికి వచ్చిన సమాధానం అనే మనిషిని పిలిచి "ఒంగరా" అన్నాడు. సమాధానం ఒంగాడు. మల్లు లాల్చీ, జరీ కండువా, మెడలో బంతిపూల దండ, రెండు బస్తాల బరువు. అన్నీ కలిసి సమాధానం వీపెక్కాయి. నడి ఏట్లో అతని కాలు కాస్త జారింది.

"జాగర్తరా గాడిదా" అన్నాడు చెంగల్రాయుడు పైనుంచి.

అవతలి గట్టున దిగి, లాల్చీ సర్దుకుని, మడ అడవి వైపు చూసి ముక్కు మూసుకున్నాడు. ఒక మడచెట్టుకు పసుపు దారం కట్టి, దాని ముందు కొబ్బరికాయ కొట్టారు, గొడ్డలికి కుంకుమ పెట్టారు. తర్వాత గొడ్డలి లేచింది. సముద్రమంటే నెల్లూరులో సినిమా తెర మీద చూసిన మనిషి ఆయన. ఇక నుంచి దాన్ని ఎలా ఆపాలో ఈ తీరానికి నేర్పుతాడన్నమాట.

నాగులమ్మ ఇవతలి గట్టు మీద నిలబడి ఇదంతా చూసింది. ఆమెది బోగోలుకు తూర్పున, ఉప్పుటేటి గట్టున ఉన్న చిన్నమడ పాళెం. చేపలు పట్టి బతికే పట్టపు కులం మనిషి. వయసు నలభై దాటింది. మొగుణ్ణి సముద్రం తీసుకుని ఏడేళ్ళయింది. రోజూ ఆటు పడగానే మడలోకి దిగి, బురదలో కాళ్ళతో తడిమి పీతలు పట్టి, బోగోల్లో అమ్మి, తననూ నడుము పడిపోయిన అత్త ఆదిశేషమ్మనూ సాక్కుంటోంది. వారం నుంచి మాత్రం ఆమె బుట్ట ఖాళీ, పాదం పొడి. ఏట్లో దిగకూడదని దురాయి పడింది.

దురాయి అంటే పట్టపు పాళేల్లో ఊరి కట్టుబాటు. పెద్దకాపు పోలేరమ్మ రాయి ముందు నిలబడి ఒక మాట అన్నాడంటే పోలీసు లేకుండా, కోర్టు లేకుండా ఊరంతా దానికి తలవంచుతుంది. దాటిన ఇంటికి వెలి. ఆ ఇంటికి నిప్పు ఇవ్వరు, బావిలో నీళ్ళు తోడనివ్వరు, చస్తే పాడె మోయరు. చేప గుడ్లు పెట్టే రోజుల్లో ఏట్లో వల పడకుండా కాపాడింది ఆ దురాయే. పచ్చి మడకొమ్మ ఎవరూ విరవకుండా తాతల నాటి నుంచి ఆపిందీ అదే. కాబట్టి దాన్ని తిట్టడానికి లేదు. తిట్టాల్సింది దాన్ని ఎవడికో అప్పజెప్పి వచ్చిన వాణ్ణి.

వారం కిందట ఊరు కూడింది. మగవాళ్ళు పోలేరమ్మ రాయి చుట్టూ కూర్చున్నారు. ఆడవాళ్ళు ఎప్పటిలాగే వలలు ఆరేసే గుంజల అవతల. పెద్దకాపు నరసయ్య లేచాడు. కొత్త తలపాగా చుట్టాడు, దాని జరీ అంచు కాంట్రాక్టరు ఇంటిదని చూసినవాళ్ళకు తెలుసు.

"సర్కారోళ్ళు మనకి తుఫాను కట్ట పోస్తుండారు" అన్నాడు. "కాంట్రాక్టరు గారు మన తల్లికి ఇటికరాళ్ళ గుడి కట్టిస్తానన్నాడు. కంచు గంట గూడా తెస్తాడంట. కట్ట అయ్యేదాకా ఎవురూ ఏట్లో దిగగూడదు, పనికి అడ్డం రాగూడదు. తల్లి ముందు మాటిచ్చినాను. ఇది దురాయి."

కంచు గంట అనగానే ఊరంతా మెత్తబడిపోయింది. చుట్టుపక్కల ఏ పాళేనికీ గంట లేదు మరి.

గుంజల అవతలి నుంచి నాగులమ్మ అడిగింది. "మామా, కట్ట దేంతో పోస్తారు?"

"మన్నుతో. ఇంకేంతో పోస్తారే?"

"ఆ మన్ను యాడిది?"

"మడలోదే. మడ నరికి తవ్వుతారు. కట్టె సున్నం బట్టీలకి పోతాది. అయితే నీకేంది?"

"నాకేందా!" నాగులమ్మ గుంజ పట్టుకుని లేచి నిలబడింది. "ఉండే కట్టని నరికి లేని కట్ట కడతారా? మతుండే మాటలేనా మామా ఇయ్యి?"

మగవాళ్ళు గొల్లున నవ్వారు. "మడ కట్టంట్రా! పీతలు పట్టే దానికి ఇంజినీరు చదువొచ్చింది" అన్నాడొకడు.

"నవ్వండి, పళ్ళు ఊడేదాకా నవ్వండి. నా పెళ్ళినాడు ఆ పెద్ద మడచెట్టు మొదట్లో అల కొట్టేది. మీరందరూ చూసినోళ్ళే. ఇప్పుడు ఆడికి అవతల ఇంకో వంద బారలు మడ పెరిగింది. ఆ నేల ఎవురు పోసినారు? అల మోసుకొచ్చిన బురదని మడ వేళ్ళు పట్టుకోని పెట్టుకున్నాయి. అల ఉరుక్కుంటా వస్తాది, వేళ్ళల్లో కాళ్ళు చిక్కుకోని పడతాది. లేస్తాది, మళ్ళా పడతాది. మన గడపకాడి కొచ్చేసరికి దాని పని అయిపోయుంటాది. మీ మన్నుకట్టకి వేళ్ళుండాయా? చెప్పండి, ఉండాయా?"

జవాబు తెలియనప్పుడు పెద్దమనుషులు చేసే పనే నరసయ్యా చేశాడు. "ఆడది దురాయి కాడ నోరెత్తేదేంది? కూసో" అన్నాడు. నాగులమ్మ కూర్చుంది. మాట్లాడినందుకు కాదు, కూర్చున్నందుకు ఆమె తర్వాత చాలా కాలం తనను తాను తిట్టుకుంది.

కాబట్టి గొడ్డళ్ళు పడుతుంటే పట్టపు మగవాళ్ళు గట్టున వరసగా కూర్చుని బీడీలు కాల్చారు. సొంత ఏరు, సొంత మడ, సొంత దురాయి. చెంగల్రాయుడు వాళ్ళను చూసి ఓవర్సీరుతో నవ్వుతూ అన్న మాట నాగులమ్మ చెవిన పడింది. "పోలీసు బందోబస్తు కావాలని అర్జీ పెట్టబోయాను గదయ్యా. ఏం అవసరం? వీళ్ళకు వీళ్ళే పోలీసులు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కాంట్రాక్టరును అనడానికి నోరు చాలక, మధ్యాహ్నం నీళ్ళు తాగడానికి గట్టుకు వచ్చిన సమాధానం మీద పడింది. సమాధానం వాళ్ళది అదే గట్టున దక్షిణంగా ఉన్న ఏసుపాళెం. పొలం లేని కిరస్తానీ కూలీలు. వరికోతలు లేనప్పుడు ఎవరు ఏం నరకమంటే అది నరుకుతారు.

"సిగ్గు లేదంట్రా సమాధానం? మా కొంపలు కూల్చే దానికి గొడ్డలెత్తుకోనొచ్చినావా?"

సమాధానం ముంత కింద పెట్టాడు. మెల్లగా మాట్లాడే మనిషి.

"మీ ఏరు, మీ మడ అని ఎన్నేళ్ళు చెప్పినారక్కా మీరు? మా ఎలిశబెతు ఒకనాడు గుప్పెడు పీతలు పట్టుకుంటే మీ ఆడోళ్ళు బుట్ట లాక్కోని ఏట్లో పారేసినారు. ఆ బుట్ట లాక్కునింది ఎవురో చెప్పమంటావా?"

లాక్కున్నది నాగులమ్మే.

"మేం తాకితే మైల పడే ఏరు ఈరోజు మాదెట్టా అయింది?" అన్నాడు సమాధానం. "నాకు తెలీదా మడంటే ఏందో? మా పాళెం గూడా దాని ఎనకమాలే ఉండాది. కానీ అడుక్కోనన్నా తినాల, నరుక్కోనన్నా తినాల. ఏది మర్యాదో నువ్వే చెప్పు."

ఇలాగే ఒకరినొకరు తాకనివ్వకుండా కాపలా కాసుకుంటూ కూర్చున్న రెండు పాళేల మధ్య నుంచి ఒక బొజ్జ మనిషి దర్జాగా నడిచిపోయాడు. నడవను కూడా లేదు, వీపెక్కి పోయాడు.

రెండు నెలల్లో ఉత్తరపు మడ మొత్తం బండ్లకెక్కి బట్టీల్లో బూడిదయింది. మోళ్ళను కూడా పెకలించి, కింది బురదను తవ్వి, ఏటికి సముద్రానికి మధ్య పొడుగునా కట్ట పోశారు. కట్ట వెనక మన్ను తవ్విన గోతులు కాలవలా మిగిలాయి. నెల్లూరు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చి రిబ్బను కత్తిరించి, "ప్రకృతిపై మానవుడి విజయం" అని ఉపన్యసించి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. పోలేరమ్మకు ఇటుక గుడి లేచింది, గంట మోగింది. దక్షిణపు మడ మాత్రం మిగిలింది. దయతలచి కాదు, క్రిస్మసు తర్వాత నరుకుదామని.

క్రిస్మసు దాకా సముద్రం ఆగలేదు.

కార్తీకంలో ఒకనాడు తెల్లవారుతూనే గాలి తిరిగింది. పొద్దెక్కేసరికి పడవలను మడ వేళ్ళకు కట్టేద్దామని పట్టపు మగవాళ్ళు ఏటికి పరిగెత్తారు. ప్రతి తుఫానుకూ చేసే పనే. తాళ్ళు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయారు. కట్టడానికి ఒక్క వేరు లేదు. పడవలు ఏట్లో ఒకదాన్నొకటి గుద్దుకుని పగులుతుంటే చూస్తూ నిలబడ్డారు. అప్పటికి గానీ వాళ్ళకు గంట మోగలేదు.

మధ్యాహ్నానికి ముందే మొదటి పెద్ద అల కట్టను ఎక్కింది. రెండో అలకు ప్రకృతిపై మానవుడి విజయం నీళ్ళల్లో వేసిన బెల్లంలా కరిగింది. వెనక తవ్విన గోతులు సముద్రానికి దారి చూపించాయి. నీళ్ళు ఆ కాలవ పట్టుకుని నేరుగా ఊరి మీదికి వచ్చాయి. నేల పైనుంచి పొర్లి రావడం కాదు, నేలనే కోసుకుంటూ వచ్చాయి. గుడిసె పడలేదు, గుడిసె కింద నేల పడింది.

నాగులమ్మ నడుంలోతు నీళ్ళల్లో అత్తను చంకల కింద పట్టుకుని ఈడుస్తోంది. "నన్నొదిలేసి పోవే ముండా" అని ముసలామె అరుస్తోంది. "నోరు ముయ్యత్తా" అని కోడలు అరుస్తోంది. ఆ అరుపులకే సమాధానం వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వచ్చి, వెనక్కి తిరిగి, నీళ్ళల్లో ఒంగాడు.

"ఎక్కించక్కా. బెరిగ్గా ఎక్కించు."

ఆదిశేషమ్మ ఆ వీపు మీద, నాగులమ్మ దాని వెనక. దక్షిణానికి నడిచారు. వాళ్ళ వెనక ఊరంతా నడిచింది. ఏసుపాళెం ముందు మడ నిలబడి ఉంది. కొమ్మలు విరుగుతున్నాయి, ఆకు మొత్తం రాలింది, అయినా నిలబడి ఉంది. దాని అవతల అల మనిషెత్తున లేస్తోంది. ఇవతలికి వచ్చేసరికి మోకాటి లోతు మురికినీళ్ళు, అంతే. ఏసుపాళెం ప్రార్థన గది తలుపులు తీసి ఎలిశబెతు నిలబడింది. బుట్ట లాక్కున్న నాగులమ్మను చేయి పట్టి లోపలికి లాగింది. "తడి కోక మార్చుకో ముందు, తర్వాత ఏడవచ్చు" అంది.

ఉత్తరాన పదకొండు మంది పోయారు. పోలేరమ్మ గుడి పోయింది, గంట పోయింది. పొద్దు వాలేముందు ప్రార్థన గదిలో ఆదిశేషమ్మ పోయింది. పోయేముందు సమాధానం చేయి పట్టుకుని "నీ వీపు మంచిదబ్బయ్యా" అంది.

మర్నాడు ఆమెను పూడ్చడానికి పట్టపు వాళ్ళకు చోటు లేదు. వాళ్ళు పూడ్చే దిబ్బ ఉన్న చోట ఇప్పుడు సముద్రం ఉంది. ఏసుపాళెం వాళ్ళు సమాధుల తోటలో ఒక మూల తవ్వారు. పాడెకు ముందు సమాధానం, వెనక పట్టపు మగవాళ్ళు. నరసయ్య దూరంగా నిలబడి చూశాడు.

నాలుగో రోజు చెంగల్రాయుడు వచ్చాడు. ఓదార్చడానికి అనుకునేరు. వెంట ఓవర్సీరు, తహసీల్దారు, ఒక లారీ నిండా పోలీసులు, ఇంకో లారీ నిండా కొత్త గొడ్డళ్ళు. ఓవర్సీరు కాగితం చూసి చదివాడు. దక్షిణాన మడ అడ్డంగా ఉన్నందువల్ల నీళ్ళు పారే దారి లేక ఉత్తరానికి తన్నుకొచ్చి కట్ట తెగిందట. కనుక ఆ మడను కూడా నరికేసి, ఈసారి ఇంకా ఎత్తుగా కట్ట పోయాలట. చచ్చిన పదకొండు మందినీ చంపింది మడ అన్నమాట. బతికిన వాళ్ళను కాపాడింది మరి కాంట్రాక్టరు కాబోలు.

అబద్ధం మరీ అంత పెద్దదైతే మనిషికి ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. చెంగల్రాయుడు నరసయ్య వైపు చూశాడు. నరసయ్య గొంతు సవరించుకున్నాడు.

"కట్ట అయ్యేదాకా ఏట్లో దిగమని మాటిచ్చినాం" అన్నాడు తల ఎత్తకుండా. "కట్ట తెగింది గదా, ఇంకా కాలేదనే లెక్క. కాబట్టి దురాయి ఉన్నట్టే."

నాగులమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది.

"కట్ట కాలేదు, నిజమే మామా. కాదు గూడా. పోస్తారు, కరుగుతాది. మళ్ళా పోస్తారు, మళ్ళా కరుగుతాది. వీళ్ళకి పనుంటాది, మనకి పాడెలుంటాయి. అన్నాళ్ళూ మనం ఈడ గట్టున కూసోనుండాలా?"

"దాటితే వెలి నాగులమ్మా" అన్నాడు నరసయ్య. బెదిరింపులా లేదు, బతిమాలినట్టుంది.

"ఎయ్యి మామా, వెలెయ్యి! నిప్పు ఇయ్యరా? ఊర్లో నిప్పుండే పొయ్యి ఒక్కటి చూపించు. నీళ్ళు తోడనియ్యరా? బాయంతా ఉప్పైపోయింది. పాడె మొయ్యరా?" ఆమె సమాధానం వైపు చెయ్యి చూపించింది. "మా అత్త పాడె మోసినోళ్ళు మోసినారు. ఇంక నువ్వు నాకేం ఇయ్యకుండా ఆపుతావో చెప్పు, వింటా."

కోక ఎగగట్టి ఏట్లో దిగింది. అందరూ చూస్తుండగా, పట్టపగలు, దురాయి దాటి నడిచింది. నడి ఏట్లో ఆగి వెనక్కి తిరిగింది.

"ఎలిశబెతూ, రామ్మా. నీ బుట్ట లాక్కునింది నేనే. ఈ ఏరు నా అబ్బ సొత్తనుకున్నా. కాదు. నీదీ నాదీ. రా."

ఎలిశబెతు దిగింది. ఆమె వెనక ఏసుపాళెం ఆడవాళ్ళు, వాళ్ళ వెనక పట్టపు ఆడవాళ్ళు, ఆడవాళ్ళు దిగాక సిగ్గుపడి మగవాళ్ళు. మడకు ముందు, బురదలో, చేతులు కలిపి రెండు పాళేలు నిలబడ్డాయి. ఊరు ఊరంతా వెలిపడితే వెలి వేసేదెవరు?

చెంగల్రాయుడి ముఖం కందగడ్డయింది. "తహసీల్దారు గారూ, అవతలికి పోదాం పదండి, నేను మాట్లాడతా" అని గట్టు అంచుకు వచ్చాడు. వచ్చి ఆగాడు. కిందికి చూశాడు. జోళ్ళు కొత్తవి.

"సమాధానం! ఇటు రారా. ఒంగు."

సమాధానం నీళ్ళల్లోంచి కదలలేదు.

"నడుం పట్టేసింది దొరా. మొన్న ముసిలమ్మని మోసినా. మనిషిని మోసినాక ఈ వీపు మిమ్మల్ని మొయ్యనంటాంది."

ఏట్లో నవ్వు పుట్టింది. ఏడ్చి ఏడ్చి నాలుగు రోజులైన జనం నవ్వారు. చెంగల్రాయుడు కూలీలందరినీ చూశాడు. ఏ వీపూ ఒంగలేదు. గట్టు మీద ఒంగమనడానికి మిగిలిన వీపు ఒక్కటే.

"ఏం నరసయ్యా, చూస్తావేం? నువ్వు ఒంగు."

నరసయ్య మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. తల్లి ముందు ఈ మనిషి కోసం మాట ఇచ్చినవాడు, ఊరి పెద్దకాపు, ఈ మనిషి కళ్ళకు ఏమిటో అప్పుడు అర్థమైంది. జరీ అంచు తలపాగా విప్పాడు. దాన్ని చెంగల్రాయుడి జోళ్ళ మీద పడేశాడు.

"కాలికి చుట్టుకోని దిగు. నీ గుడ్డే గదా" అన్నాడు.

ఏట్లో దిగి వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. నాగులమ్మ కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది, అంతే. "దురాయి" అన్నాడు నరసయ్య నీళ్ళల్లో నిలబడి. "మడమీద గొడ్డలి పడగూడదు. ఎవుడిదైనా సరే. రెండు పాళేలకీ ఇదే దురాయి."

తహసీల్దారు చేయి ఊపాడు. పోలీసులు లాఠీలతో బురదలో దిగారు. నాలుగడుగులు వేశారో లేదో బూట్లు దిగబడిపోయాయి. కాలు లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. సర్కారు బలగం ఒంటికాలి మీద కుంటుతూ వచ్చి కొట్టింది. జనం పడ్డారు, లేచారు, మళ్ళీ చేతులు కలిపారు. సాయంత్రానికి నాగులమ్మను, సమాధానాన్ని, నరసయ్యను, ఇంకో ఇరవై మందిని లారీ ఎక్కించారు. పోటు మొదలైంది, ఇక గొడ్డళ్ళు దించే వీల్లేదు. చెంగల్రాయుడు గట్టు మీద జీపులో కూర్చుని జోళ్ళు తుడుచుకుంటున్నాడు.

లారీ కదులుతుండగా నాగులమ్మ ఏటి వైపు చూసింది. ఎలిశబెతు, తక్కిన ఆడవాళ్ళు తుఫాను రాల్చిన మడకాయలు బుట్టల్లో ఏరుతున్నారు. పచ్చగా, ఉబ్బి, అప్పటికే వేరు మొనలు బయటికి పెట్టిన కాయలు. పోటు ముంచేలోపే, కట్ట కరిగిన చోట బురదలో ఒక్కొక్కటి గుచ్చుతున్నారు. పట్టపు చేయి, ఏసుపాళెం చేయి ఒకే బుట్టలో పడుతున్నాయి.

పెదవి చిట్లిన సమాధానం కూడా అటే చూస్తున్నాడు.

"మనం తిరిగొచ్చేసరికి ఎంతెత్తు పెరుగుతాయక్కా అవి?"

నాగులమ్మ ఎదురుగా కూర్చున్న ఇన్‌స్పెక్టరు ముఖంలోకి సూటిగా చూస్తూ జవాబు చెప్పింది.

"అది ఈ సారు చేతిలో ఉండాది నాయనా. ఎన్ని నెల్లు లోపలేస్తే అంతెత్తు పెరుగుతాయి."